ఎత్తు పెంచిన ఆఫ్‌రోడ్ వాహనంలో డ్రైవ్‌షాఫ్ట్ క్రాసులు పదే పదే పోతుంటే అసలు కారణాన్ని పట్టుకోవడం ఎలా?

గేర్‌బాక్స్ వైపు నుంచి యాక్సిల్‌కు శక్తిని చేరవేసే గొట్టం డ్రైవ్‌షాఫ్ట్. దాని చివరి జాయింట్లలో, షాఫ్ట్ వంగి కూడా తిరిగేలా చేసే ప్లస్ గుర్తు ఆకారపు ముక్కే క్రాస్. ఈ క్రాస్ ఒకసారి పోతే అది అరుగుదల అని సరిపెట్టుకోవచ్చు. అదే చోట, కొద్ది నెలల తేడాతో, రెండోసారి కూడా పోయిందంటే మాత్రం మూడో క్రాస్ కొనే ముందు ఆగి ఆలోచించాలి. ఇలాంటప్పుడు చాలామంది ఇంకా ఖరీదైన, ఇంకా దృఢమైన క్రాస్ వేస్తే సమస్య తీరిపోతుందనుకుంటారు. అది కొంతకాలం తట్టుకుంటుంది, ఆ తరువాత అదీ పోతుంది. లేదా అది నిలబడి దాని పక్కనున్న యోక్ (క్రాస్‌ను రెండు చెవులతో పట్టుకునే భాగం), ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక షాఫ్ట్‌లకు శక్తిని పంచే పెట్టె) బేరింగ్, పినియన్ (షాఫ్ట్ నుంచి శక్తిని యాక్సిల్‌లోకి తీసుకునే గేరు) బేరింగ్ పోతాయి. క్రాస్‌ను చంపుతున్నది ఏమిటో తేల్చకుండా క్రాస్‌ను మార్చడం వల్ల డబ్బు, సమయం రెండూ వృథా అవుతాయి. కారణాలు చెప్పుకోదగ్గవి ఐదే: జాయింట్ కోణం (జాయింట్ దగ్గర షాఫ్ట్ వంగిన కోణం), సస్పెన్షన్ కదలికలో పట్టేయడం, మోయలేనంత టార్క్ (తిప్పే బలం), బిగింపులో తప్పు, గ్రీజు లేకపోవడం. వీటిలో ఏది దోషి అన్నది ఊహించనక్కర లేదు. కొలిచి, చూసి తేల్చవచ్చు.

ఎత్తు పెంచితే అసలేం జరుగుతుంది?

లిఫ్ట్ కిట్ వేసినప్పుడు ఛాసిస్‌తో పాటు గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ పైకి వెళతాయి. యాక్సిల్ మాత్రం చక్రాల మధ్య ఎక్కడుందో అక్కడే ఉంటుంది. కాబట్టి ఆ రెండింటినీ కలిపే షాఫ్ట్ మునుపటి కంటే ఏటవాలుగా నిలబడుతుంది. ఎంత ఏటవాలు అన్నది షాఫ్ట్ పొడవు మీద ఆధారపడి ఉంటుంది. 900 మిల్లీమీటర్ల షాఫ్ట్ ఉన్న వాహనాన్ని 100 మిల్లీమీటర్లు లేపితే షాఫ్ట్ వాలు ఇంచుమించు 6.4 డిగ్రీలు పెరుగుతుంది. అదే లిఫ్ట్‌ను 500 మిల్లీమీటర్ల షాఫ్ట్ ఉన్న పొట్టి వీల్‌బేస్ వాహనానికి వేస్తే పెరుగుదల 11.5 డిగ్రీలకు చేరుతుంది. పొడవాటి వాహనంలో ఏ ఇబ్బందీ పెట్టని కిట్ పొట్టి వాహనంలో వెనక క్రాసులను వరుసగా మింగేయడానికి కారణం ఇదే.

సాధారణ క్రాస్ జాయింట్ వంగి తిరిగేటప్పుడు ఒక చివర నిలకడగా తిరిగినా రెండో చివర నిలకడగా తిరగదు. ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పుంజుకుని, రెండుసార్లు మందగిస్తుంది. జాయింట్ కోణం 14 డిగ్రీలున్నప్పుడు నిమిషానికి 1500 చుట్లు తిరిగే షాఫ్ట్ వేగం నిజానికి 1455కీ 1546కీ మధ్య ఊగుతూ ఉంటుంది, అదీ సెకనుకు 50 సార్లు. ఈ ఊగిసలాట తీవ్రత ఇంచుమించుగా కోణం వర్గంతో పెరుగుతుంది. అంటే 6 డిగ్రీలను 14 డిగ్రీలు చేస్తే తీవ్రత రెండింతలు కొంచెం దాటి ఆగదు, ఐదింతలు దాటుతుంది. క్రాస్ లోపలి సూది బేరింగులు భరించేది దీన్నే.

మొదటి మెట్టు: పోయిన క్రాస్‌ను కడగవద్దు, పారేయవద్దు

మొత్తం పరీక్షలో అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఇచ్చేది పోయిన భాగమే. విప్పే ముందు షాఫ్ట్ రెండు చివర్లలోనూ యోక్‌ల మీద పెయింటుతో గుర్తు పెట్టండి. ఏ చివరి క్రాస్ పోయిందో, ఏ కప్పు ఏ చెవిలో ఉన్నదో రాసుకోండి. కప్పు అంటే క్రాస్ ఒక్కొక్క కాలికీ తొడిగే, లోపల సూది బేరింగులున్న మూత; అది యోక్ చెవి రంధ్రంలో కూర్చుంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. షాఫ్ట్ విప్పిన తరువాత గేరులో ఉంచినా, ఆటోమేటిక్ వాహనాన్ని పార్క్‌లో ఉంచినా చక్రాలు ఆగవు. ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పనిచేసే హ్యాండ్ బ్రేకు ఉన్న వాహనాల్లో ఆ బ్రేకు కూడా పట్టదు. కాబట్టి చక్రాలకు ముందూ వెనకా అడ్డుదిమ్మలు పెట్టకుండా కింద దూరవద్దు.

విప్పిన క్రాస్‌ను ఉన్నదున్నట్టుగా ఒక తెల్ల కాగితం మీద పెట్టి, నాలుగు కప్పులనూ వాటి కాళ్ళ ఎదురుగానే సర్దండి. ముందు గ్రీజును చూడండి, తరువాతే లోహాన్ని. నాలుగు కప్పుల్లోనూ ఎర్రటి పొడి రాలుతుంటే నీరు చొరబడి గ్రీజు కొట్టుకుపోయిందని అర్థం. మూడు కప్పులు తడిగా ఉండి ఒక్కటే పొడిగా ఉంటే గ్రీజు ఆ కాలి దాకా చేరడం లేదు, లేదా అక్కడి సీలు దెబ్బతింది. గ్రీజు నిండుగా, శుభ్రంగా ఉండి కూడా క్రాస్ పోయిందంటే గ్రీజును అనుమానించడం మానేసి కోణం, టార్కు, పట్టేయడం అనే మూడింటి వైపు చూడాలి.

ఇప్పుడు గ్రీజు తుడిచి కాలి మీద గోటితో అడ్డంగా గీయండి. సూదులు ఆనిన చోట సమదూరంలో నిలువు గీతలు కనిపించవచ్చు. గోరు వాటి మీదుగా జారిపోతే అవి మెరుపు గీతలు మాత్రమే, వాటిని పట్టించుకోనక్కర లేదు. గోరు ప్రతి గీత దగ్గరా ఆగుతుంటే సూదులు లోహంలోకి దిగబడ్డాయన్న మాట. క్రాస్ తన శక్తికి మించిన టార్క్ మోసిందనడానికి ఇది గట్టి గుర్తు. దీన్ని పోలినదే మరొకటి ఉంది: జాయింట్ కోణం దాదాపు సున్నా అయినప్పుడు సూదులు దొర్లకుండా ఒకే చోట కంపిస్తూ కాలిని గాడులు పడేలా తినేస్తాయి, చుట్టూ ఎర్రటి పొడి మిగులుతుంది. అందుకే ఏ జాయింట్‌నూ పూర్తిగా నిటారుగా పెట్టకూడదు. అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ వరకైనా వంపు ఉండాలి.

కాలి మీద పొరలు లేచి గుంటలు పడితే అది చాలాకాలం ఎక్కువ కోణంలో, ఎక్కువ బరువుతో తిరిగిన అలసట. మట్టి చేరినా ఇలాగే అవుతుంది. కాలి కొన మీద, అంటే కప్పు అడుగును తాకే చోట, గీసుకుపోయిన గుర్తులు లేదా నీలిరంగు కనిపిస్తే కప్పులు మరీ లోపలికి బిగుసుకున్నాయని, లేదా యోక్ చెవులు వంగి రెండు రంధ్రాలు ఒకే గీతలో లేవని అనుమానించాలి. క్రాస్ రెండుగా విరిగితే విరిగిన ముఖాన్ని వెలుతురులో తిప్పి చూడండి. ముఖమంతా ఒకే రకమైన బరక గింజలతో ఉంటే ఒక్క దెబ్బకే విరిగింది. ఒక మూల నుంచి నునుపుగా, నల్లగా, అలల గీతల్లా మొదలై మిగతా భాగం మాత్రమే బరకగా ఉంటే పగులు ఎప్పుడో పుట్టి మెల్లగా పాకింది. ఆ నునుపు మూల గ్రీజు నిప్పుల్ (గ్రీజు ఎక్కించే మూతి) రంధ్రం దగ్గర మొదలైతే దాని సంగతి బిగింపు దగ్గర చెబుతాను.

యోక్ చెవుల లోపలి అంచుల్ని కూడా వదలకండి. పొట్టి వీల్‌బేస్ ఉన్న ఒక వాహనంలో వెనక పినియన్ దగ్గరి క్రాస్ మూడుసార్లు పోయింది. మొదటి రెండింటినీ నేను డీజిల్‌తో కడిగి, మామూలు అరుగుదలేనని పక్కన పడేశాను. మూడోదాన్ని కడగకుండా పెట్టుకుని, యోక్‌ను టార్చి వెలుతురులో తిప్పి చూస్తే రెండు చెవుల లోపలి అంచున, ఎదురెదురుగా, చిటికెన వేలి గోరంత మెరుపు మచ్చలు కనిపించాయి. మిగతా యోక్ అంతా తుప్పు రంగులో ఉండగా ఆ రెండు చోట్ల మాత్రం లోహం అద్దంలా మెరుస్తోంది. ఒక యోక్ రెండో యోక్‌ను కొడుతోందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర లేదు. మొదటిసారే చూసి ఉంటే రెండు క్రాసులు మిగిలేవి.

రెండో మెట్టు: అదురును లెక్కతో పట్టుకోవడం

వాహనం ఇంకా నడిచే స్థితిలో ఉంటే రోడ్డు పరీక్ష చాలా విషయాలు చెబుతుంది. ఖాళీగా, నునుపుగా ఉన్న రోడ్డు మీద వేగం మెల్లగా పెంచుతూ అదురు ఏ వేగంలో మొదలవుతోందో, యాక్సిలరేటర్ తొక్కినప్పుడా వదిలినప్పుడా ఎక్కువవుతోందో గమనించండి. తొక్కడానికీ వదలడానికీ తేడా లేకుండా వేగంతో పాటే పెరిగే అదురు సాధారణంగా షాఫ్ట్ బ్యాలెన్స్‌ది. తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు మరోలా మారే అదురు పినియన్ కోణానిది, లేదా పినియన్ బేరింగ్‌ది. నిలబడిన వాహనం కదిలేటప్పుడు మొదటి కొన్ని మీటర్లలో వచ్చే గడగడ కమాన్ కట్టల మీద యాక్సిల్ మెలితిరగడం వల్ల వస్తుంది. గేరు వేయగానే వచ్చే టక్ శబ్దం లూజు క్రాస్‌దీ కావచ్చు, స్లిప్ యోక్ (షాఫ్ట్ పొడవు మారేలా లోపలికీ బయటికీ జారే యోక్) స్ప్లైన్ల, అంటే దాని పొడవాటి పళ్ళ, ఆటదీ కావచ్చు, డిఫరెన్షియల్‌దీ కావచ్చు. కాబట్టి దాని ఆధారంగా మాత్రమే తీర్పు చెప్పవద్దు.

ఫోనులో కంపనాన్ని కొలిచే యాప్ ఉంటే ఊహ అక్కర లేకుండా పోతుంది. 838 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న, అంటే 33 అంగుళాల టైరు ఒక చుట్టుకు సుమారు 2.63 మీటర్లు నడుస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి దాదాపు 507 చుట్లు తిరుగుతుంది. యాక్సిల్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరిగితే షాఫ్ట్ తిరిగే చుట్లు) 4.1 అయితే షాఫ్ట్ దాదాపు 2080 చుట్లు, అంటే సెకనుకు సుమారు 35 చుట్లు తిరుగుతుంది. యాప్‌లో 35 హెర్ట్జ్ దగ్గర శిఖరం కనిపిస్తే షాఫ్ట్ బ్యాలెన్స్ లేదా వంకర, 70 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తే జాయింట్ కోణం, 8 లేదా 9 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తే చక్రాలు, టైర్లు. మీ టైరు, మీ నిష్పత్తితో ఈ లెక్క వేసుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు.

ఏ షాఫ్ట్ అన్నది తేలకపోతే ఒకదాన్ని తప్పించి చూడవచ్చు. పార్ట్‌టైమ్ వ్యవస్థ (అవసరమైనప్పుడే ఫోర్ వీల్ డ్రైవ్) ఉన్న వాహనంలో ముందు షాఫ్ట్ విప్పి, వెనక చక్రాలతో నడిపి అదురు పోయిందేమో చూడండి. ముందు హబ్ లాకులు (ముందు చక్రాలను యాక్సిల్ నుంచి విడదీసే ఏర్పాటు) లేని చాలా వాహనాల్లో టూ వీల్ డ్రైవ్‌లో కూడా ముందు షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుందని చాలామందికి తట్టదు. అందువల్ల వెనక షాఫ్ట్ జాయింట్‌ను నిందిస్తూ ముందు షాఫ్ట్ జాయింట్‌ను మరిచిపోతారు.

మూడో మెట్టు: కోణాలు కొలవడం

దీనికి అయస్కాంతం ఉన్న డిజిటల్ కోణమాపకం ఒకటి చాలు. వాహనం సమతలంగా ఉన్న నేల మీద, చక్రాల మీద బరువుతో, మీరు రోజూ మోసే సామానుతో నిలబడి ఉండాలి. ఛాసిస్ కింద స్టాండులు పెట్టి యాక్సిల్ వేలాడుతుండగా తీసిన కొలత ఈ మెట్టులో దేనికీ పనికిరాదు. కొలిచే ముందు వాహనాన్ని కొన్ని మీటర్లు ముందుకూ వెనక్కూ నడిపి సస్పెన్షన్‌ను కుదురుకోనివ్వండి.

వెనక షాఫ్ట్‌కు మూడు వాలులు కొలవాలి: ట్రాన్స్‌ఫర్ కేస్ అవుట్‌పుట్, షాఫ్ట్ గొట్టం, పినియన్. షాఫ్ట్ గొట్టం మీద బ్యాలెన్స్ బిళ్ళలు, వెల్డింగు లేని నున్నటి చోట మాపకాన్ని ఆనించండి. అవుట్‌పుట్‌కూ పినియన్‌కూ యోక్‌ను తిప్పి, ఒక కప్పు సరిగ్గా కిందికి చూసేలా నిలిపి, ఆ కప్పు ముఖం మీద కొలవండి. సర్‌క్లిప్ (కప్పును చెవిలో ఆపి ఉంచే రింగు) అడ్డొస్తే తీసి కొలిచి మళ్ళీ పెట్టండి. ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే చదునైన బిళ్ళ) ఉన్నచోట ఫ్లాంజ్ ముఖం మీద కొలిచి 90 డిగ్రీల నుంచి తీసేయండి. ప్రతి కొలతనూ మూడేసి సార్లు తీయడం నా అలవాటు, ఎందుకంటే తుప్పు మీదో మట్టి మీదో ఆనిన మాపకం ఒక డిగ్రీ తేడా చూపించడం మామూలే, ఇక్కడ ఆ ఒక్క డిగ్రీయే తీర్పును మార్చేస్తుంది.

మూడు వాలులనూ ఒకే దిశలో, అంటే వెనక్కు ఎంత దిగుతున్నాయన్న లెక్కలో రాసుకుంటే గందరగోళం ఉండదు. ఉదాహరణకు అవుట్‌పుట్ 3 డిగ్రీలు, షాఫ్ట్ 17 డిగ్రీలు, పినియన్ 3 డిగ్రీలు దిగుతున్నాయనుకోండి. పక్కపక్క వాటి తేడాయే జాయింట్ కోణం. ముందు జాయింట్ 14, వెనక జాయింట్ 14.

షాఫ్ట్‌ను పైనుంచి చూసినప్పుడు కూడా పక్కకు వంగి ఉందేమో చూడాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ అవుట్‌పుట్, పినియన్ ఒకే నిలువు గీతలో లేని వాహనాలు చాలా ఉన్నాయి. పక్క వంపు 5 డిగ్రీలు, నిలువు వంపు 12 డిగ్రీలు ఉంటే అసలు కోణం ఆ రెంటి వర్గాల మొత్తానికి వర్గమూలం, అంటే 13 డిగ్రీలు. పక్క వంపును మరిచిన లెక్క ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

నాలుగో మెట్టు: ఆ అంకెలు ఏం చెబుతున్నాయి?

రెండు చివర్లా ఒక్కొక్క క్రాస్ మాత్రమే ఉన్న షాఫ్ట్‌కు రెండు షరతులున్నాయి. రెండు జాయింట్ల కోణాలు ఒక డిగ్రీ తేడాలో సమానంగా ఉండాలి. అప్పుడే ముందు జాయింట్ పుట్టించిన ఊగిసలాటను వెనక జాయింట్ సరిచేస్తుంది. అంతకంటే ముఖ్యమైన రెండో షరతును మాత్రం చాలామంది వదిలేస్తారు: సమానంగా ఉన్నా సరే, కోణం పరిమితి దాటకూడదు. నిమిషానికి 1500 చుట్లు తిరిగే షాఫ్ట్‌కు సుమారు 11.5 డిగ్రీలు, 2000 చుట్లకు 8.7, 3000 చుట్లకు 5.8, 4000 చుట్లకు 4.2 డిగ్రీలు సాధారణంగా పాటించే గరిష్ఠ పరిమితులు. పై ఉదాహరణలో రెండు కోణాలూ సమానమే, పినియన్ అవుట్‌పుట్‌కు సమాంతరంగానే ఉంది, పుస్తకం ప్రకారం అంతా సరిగ్గా ఉన్నట్టే. అయినా 14 డిగ్రీలు 1500 చుట్ల పరిమితిని కూడా దాటిపోయాయి. వెనక జాయింట్ ఊగిసలాటను సరిచేసేది పినియన్‌కు మాత్రమే. రెండు జాయింట్ల మధ్యనున్న షాఫ్ట్ తన బరువంతటితో ప్రతి చుట్టులోనూ రెండుసార్లు కుదుపుకు లోనవుతూనే ఉంటుంది, ఆ భారం క్రాసుల మీదే పడుతుంది. రాళ్ళ మీద మెల్లగా పాకే వాహనం ఈ కోణాన్ని ఏళ్ళ తరబడి భరించగలదు. అదే వాహనంతో హైవే మీద గంటల కొద్దీ వెళితే క్రాసులు వరుసగా పోతాయి.

ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర రెండు క్రాసులు జంటగా ఉండే డబుల్ కార్డన్ షాఫ్ట్‌కు సూత్రం వేరు. ఆ జంట మొత్తం కోణాన్ని సగం సగం పంచుకుని, తన ఊగిసలాటను తానే సరిచేసుకుంటుంది. కాబట్టి పినియన్ దగ్గరి జాయింట్ దాదాపు నిటారుగా ఉండాలి, అంటే పినియన్ షాఫ్ట్ వైపే చూడాలి. పై ఉదాహరణలో షాఫ్ట్ వాలు 17 అయితే పినియన్ వాలు 15 లేదా 16 ఉండాలి. ఈ రెండు సూత్రాలనూ కలగలపడమే నేను తరచుగా చూసే తప్పు. మామూలు షాఫ్ట్‌ను అలాగే ఉంచి, ఎవరో చెప్పారని కట్టల కింద ఏటవాలు షిమ్ (చీలలాంటి పలక) పెట్టి పినియన్‌ను 6 డిగ్రీలు పైకి తిప్పితే పై ఉదాహరణలో వెనక కోణం 8 అవుతుంది, ముందుది 14గానే మిగులుతుంది. పినియన్ దగ్గర బాగుపడినట్టు కనిపించినా సమానత్వం పోయి, అదురు పెరిగి, ఈసారి ముందు క్రాస్ పోతుంది. ఏ చివరి క్రాస్ పోతోందో మొదట రాసుకోమన్నది ఇందుకే.

ఐదో మెట్టు: టార్క్ పడినప్పుడు కోణం ఎలా మారుతుంది?

నిలబడిన వాహనంలో కొలిచిన కోణం నడిచే వాహనంలో అలాగే ఉండదు. వెనక యాక్సిల్‌కు టార్క్ అందినప్పుడు పినియన్ ముక్కు పైకి లేస్తుంది. అందుకే కమాన్ కట్టల వాహనాల్లో పినియన్‌ను కావలసిన దానికంటే ఒకటి రెండు డిగ్రీలు కిందికి పెట్టి, బరువు మీద అది సరైన చోటికి లేచేలా చూస్తారు. లిఫ్ట్ కోసం యాక్సిల్‌కూ కట్టలకూ మధ్య ఎత్తు దిమ్మలు పెట్టిన వాహనాల్లో ఈ మెలి మరీ ఎక్కువ. కట్టలు ఇంగ్లిష్ ఎస్ ఆకారంలో వంగుతాయి, పినియన్ కొన్ని డిగ్రీల మేర ఎగిరి పడుతుంది.

దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న కెమెరాను ఛాసిస్‌కు బిగించి పినియన్ వైపు పెట్టి, ఫస్ట్ గేరులో గట్టిగా కదిలించండి. వీడియోను నెమ్మదిగా నడిపి చూస్తే అనుమానం తీరిపోతుంది. అదే వీడియోలో ఇంజన్, గేర్‌బాక్స్ ఎంత లేస్తున్నాయో కూడా చూడండి. చిరిగిన గేర్‌బాక్స్ మౌంట్ వల్ల ముందు కోణం కొన్ని డిగ్రీలు మారిపోవచ్చు. కొలిచేటప్పుడు అది చక్కగా కూర్చుని ఉంటుంది కాబట్టి కొలతలో దొరకదు. కాయిల్ స్ప్రింగుల వాహనాల్లో కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు అరిగినా ఇదే జరుగుతుంది.

ఆరో మెట్టు: పూర్తి కదలికలో పట్టేస్తోందా?

ఛాసిస్‌ను బలమైన స్టాండుల మీద నిలిపి యాక్సిల్‌ను పూర్తిగా వేలాడనివ్వండి. ట్రాన్స్‌ఫర్ కేస్‌ను న్యూట్రల్‌లో పెట్టి, చేతితో షాఫ్ట్‌ను నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. ఎక్కడైనా బిగుసుకుంటే, ముఖ్యంగా చుట్టుకు రెండుసార్లు ఒకే చోట బిగుసుకుంటే, యోక్‌లు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. ఎత్తైన షాక్ అబ్జార్బర్లు వేసిన తరువాతనే ఈ జబ్బు వస్తుంది, ఎందుకంటే యాక్సిల్‌ను మునుపు ఆపిన పొట్టి షాక్ ఇప్పుడు లేదు. నేను పైన చెప్పిన మెరుపు మచ్చల వాహనంలోనూ ఇదే దొరికింది: నేల మీద నిలబడినప్పుడు కోణాలు భరించదగ్గవే, ఒక చక్రం గుంటలో వేలాడి రెండోది రాయి ఎక్కినప్పుడు మాత్రం యోక్ యోక్‌ను పిండుతోంది. బిగుసుకునే చోటు నుంచి యాక్సిల్‌ను జాకీతో కొద్ది కొద్దిగా లేపుతూ, షాఫ్ట్ స్వేచ్ఛగా తిరిగే ఎత్తు కనిపెట్టి, ఇంకొంచెం వదులు ఉంచి అక్కడ లిమిట్ స్ట్రాప్ (యాక్సిల్ మరీ కిందికి వేలాడకుండా ఆపే పట్టీ) బిగిస్తే ఆ జాయింట్ కష్టాలు తీరాయి.

ఇదే అదనులో స్లిప్ యోక్‌ను కూడా కొలవండి. యాక్సిల్ వేలాడినప్పుడు స్ప్లైన్లు తగినంత లోపల ఉన్నాయా, బంప్ స్టాప్‌ల (యాక్సిల్ పైకి కదలికను ఆపే దిమ్మల) దాకా నొక్కినప్పుడు ఇంకా కనీసం 25 మిల్లీమీటర్లు లోపలికి పోయే చోటుందా అన్నది చూడాలి. మొదటిది లోపిస్తే స్ప్లైన్ కొనల మీదే నిలబడిన షాఫ్ట్ ఊగుతూ తిరుగుతుంది. రెండోది లోపిస్తే షాఫ్ట్ ఒక గునపంలా ట్రాన్స్‌ఫర్ కేస్‌ను పొడుస్తుంది. స్ప్లైన్లు ఎండిపోయి ఉంటే టార్క్ పడినప్పుడు అవి జారకుండా పట్టేస్తాయి, ఆ తోపుడు నేరుగా క్రాస్ కప్పుల మీదికి వెళుతుంది.

ఏడో మెట్టు: షాఫ్ట్, యోక్‌లు

ఇది త్వరగా అయిపోతుంది. గొట్టం మీద సొట్టలు, ఊడిన బ్యాలెన్స్ బిళ్ళ మచ్చ, వెల్డింగు దగ్గర పగుళ్ళు వెతకండి. ఎండిన బురద ముద్దను గీకేయండి, అదొక్కటే కొన్నిసార్లు అదురుకు కారణం. డయల్ గేజ్ ఉంటే గొట్టం వంకర కొలవండి. అర మిల్లీమీటరు దాటితే షాఫ్ట్‌ను సరిచేయించాలి. షాఫ్ట్ రెండు చివరి యోక్‌ల చెవులు ఒకే తలంలో ఉన్నాయా చూడండి. ఎప్పుడో విప్పి స్ప్లైన్‌ను ఒక పన్ను పక్కకు బిగించి ఉంటే కోణాలెంత చక్కగా ఉన్నా ఊగిసలాటలు ఒకదాన్నొకటి సరిచేసుకోవు. పాత క్రాస్ తీశాక యోక్ రెండు రంధ్రాల గుండా సరిపడే నిటారైన కడ్డీని దూర్చండి. అది సులువుగా దూరకపోతే చెవులు వంగాయి, ఆ యోక్‌లో ఏ క్రాస్ వేసినా నిలవదు.

ఎనిమిదో మెట్టు: టార్క్ లెక్క

300 న్యూటన్ మీటర్ల ఇంజన్, 4 నిష్పత్తి ఉన్న ఫస్ట్ గేరు, 2.7 నిష్పత్తి ఉన్న లో రేంజ్ కలిస్తే షాఫ్ట్‌ల దగ్గరికి 3240 న్యూటన్ మీటర్లు చేరుతుంది. ముందు చక్రాలు గాలిలో ఉంటే దాదాపు ఆ మొత్తం వెనక షాఫ్ట్‌దే. 31 అంగుళాల టైర్ల చోట 35 అంగుళాల టైర్లు వేస్తే అదే రాయి ఎక్కడానికి షాఫ్ట్ సుమారు 13 శాతం ఎక్కువ టార్క్ మోయాలి. యాక్సిల్ నిష్పత్తిని 3.73 నుంచి 4.56కు మారిస్తే చక్రం దగ్గర అంతే లాగుడుకు షాఫ్ట్ మోసే టార్క్ 18 శాతం తగ్గుతుంది, కానీ అదే వేగంలో షాఫ్ట్ చుట్లు 22 శాతం పెరుగుతాయి. అంటే టార్క్ సమస్య తగ్గుతూనే కోణ పరిమితి మరింత ఇరుకవుతుంది, కోణాల లెక్కను కొత్త చుట్లతో మళ్ళీ వేసుకోవాలి.

కాళ్ళలోకి సూదులు దిగబడి, కోణాలు బాగుంటే అప్పుడే పెద్ద సైజు క్రాస్, యోక్‌ల గురించి ఆలోచించడం న్యాయం. ముందు షాఫ్ట్ క్రాస్ ఇలా పోతుంటే, గట్టి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ డ్రైవ్‌లో నడుపుతున్నారేమో, ముందూ వెనకా టైర్ల సైజులు వేరుగా ఉన్నాయేమో చూడండి. సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక షాఫ్ట్‌లను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు) లేని వాహనంలో ఆ తేడా అంతా మెలిగా మారి షాఫ్ట్‌లలో చేరుతుంది.

తొమ్మిదో మెట్టు: సరిదిద్దడంలో వరుస

తక్కువ పనితో ఎక్కువ ఫలితమిచ్చేవి ముందు చేయాలి. చిరిగిన మౌంట్లు, అరిగిన బుష్‌లు మార్చాక కోణాలు మళ్ళీ కొలవండి. కోణం పరిమితికి కొంచెమే మించి ఉంటే ట్రాన్స్‌ఫర్ కేస్ క్రాస్‌మెంబర్ కింద స్పేసర్లు పెట్టి కొద్దిగా దించవచ్చు. దీనివల్ల నేల నుంచి ఎడం తగ్గుతుంది, ఫ్యాన్, గొట్టాలు, గేరు లివర్లు తగులుతాయేమో చూసుకోవాలి. కోణం చాలా ఎక్కువైతే డబుల్ కార్డన్ షాఫ్ట్, దానికి తగ్గట్టు తిప్పిన పినియన్ అన్న జంట తప్ప నమ్మదగిన దారి లేదు. స్లిప్ యోక్ ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకే దూరే వాహనాల్లో దాన్ని తీసేసి పొట్టి అవుట్‌పుట్, ఫ్లాంజ్ బిగించే కిట్ వేస్తే షాఫ్ట్ పొడవు పెరిగి కోణం కూడా కొంత తగ్గుతుంది. ముందు యాక్సిల్ పినియన్‌ను తిప్పేటప్పుడు మాత్రం స్టీరింగ్ క్యాస్టర్ (ముందు చక్రాలు మళ్ళే ఇరుసు వాలు) కూడా మారుతుందని మరవవద్దు. పినియన్‌ను లేపిన కొద్దీ క్యాస్టర్ తగ్గి, స్టీరింగ్ తిరిగి నిటారుకు రావడం మందగిస్తుంది. ఆ రెండూ పొసగని చోట స్టీరింగ్‌కే ప్రాధాన్యం ఇవ్వాలన్నది నా అభిప్రాయం.

పదో మెట్టు: కొత్త క్రాస్ బిగింపు

కారణం తేలి, సరిచేశాక కూడా బిగింపులో తప్పు జరిగితే శ్రమంతా నీళ్ళ పాలే. కప్పులను ప్రెస్‌తోనో బలమైన వైస్‌తోనో నొక్కాలి. నొక్కుతున్నంతసేపూ క్రాస్ కాలు కప్పులోనే ఉండేలా చూడకపోతే ఒక సూది జారి కప్పు అడుగున అడ్డంగా పడుతుంది. సర్‌క్లిప్ గాడిలో పూర్తిగా కూర్చోకపోతే సుత్తితో కొట్టవద్దు. కప్పు తీసి ఆ సూదిని వెతకండి. బిగించాక క్రాస్ బిగుతుగా కదులుతుంటే యోక్ చెవి మీద మెత్తటి సుత్తితో చిన్న దెబ్బ వేయండి, కప్పు వెనక్కు సర్దుకుని సర్‌క్లిప్‌కు ఆనుతుంది. యూ-బోల్టులను తయారీదారు చెప్పిన టార్క్‌కే బిగించాలి. చిన్న సైజు యూ-బోల్టులకు అది చాలావరకు 20 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. బలం కొద్దీ బిగిస్తే కప్పు గుండ్రదనం పోయి సూదులు నలుగుతాయి.

నిప్పుల్ ఉన్న క్రాస్‌ను ముందుకు నడిచేటప్పుడు నిప్పుల్ వైపు ఒత్తిడి పడేలా, సాగుడు పడకుండా బిగించాలి. రంధ్రం ఉన్న చోటు సాగితే పగులు అక్కడే పుడుతుంది. రంధ్రం లేని సీల్డ్ క్రాస్ దృఢంగా ఉంటుంది, కానీ నీటిలో మునిగిన తరువాత దానికి చేయగలిగిందేమీ ఉండదు. తరచుగా వాగులు దాటే వాహనానికి నేను నిప్పుల్ ఉన్నదాన్నే ఎంచుకుంటాను. లిథియం కాంప్లెక్స్ ఈపీ (ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే) రెండో నంబరు గ్రీజును నాలుగు కప్పుల సీళ్ళ నుంచీ కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా ఎక్కించాలి. ఒక కప్పు నుంచి రాకపోతే షాఫ్ట్‌ను కదిలిస్తూ మళ్ళీ ప్రయత్నించాలి. నీటిలో దిగిన ప్రతిసారీ ఇది చేయాలి. డబుల్ కార్డన్ మధ్యలో ఉండే సెంటరింగ్ బంతికి వేరే నిప్పుల్ ఉంటే, సూదిలాంటి కొన ఉన్న గ్రీజు గన్ తొడుగు లేకుండా దానికి గ్రీజు అందదు. అది ఎండితే మొదట కీచుమంటుంది, ఆ తరువాత జంట క్రాసులు రెండూ ఒకేసారి పోతాయి.

మొదటి 500 కిలోమీటర్ల తరువాత బోల్టుల బిగువు సరిచూసి, కోణాలు మరొకసారి కొలిచి పాత అంకెల పక్కనే రాసి పెట్టండి, ఎందుకంటే కొత్త స్ప్రింగులు మొదట్లో కొంత కూర్చుంటాయి, దానితో కోణమూ మారుతుంది. హైవే మీద అరగంట నడిపి ఆపిన వెంటనే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ప్రతి జాయింట్ కప్పుల వేడినీ చదవండి. కొద్దిపాటి తేడాలు సహజమే. ఒక్క కప్పు మిగతా మూడింటికంటే స్పష్టంగా వేడెక్కి ఉంటే మాత్రం మరో ప్రయాణానికి వెళ్ళకుండా ఆ జాయింట్‌నే ముందు విప్పి చూడండి.